కుక్క మెడలో గొలుసు - యజమాని మెడలో బాధ్యత



నాలుగేళ్ళ క్రితం మా ఊళ్ళో ఒక సోదరుడు మగ్రిబ్ నమాజు తర్వాత నా దగ్గరకు వచ్చి, "మౌల్వీ సాబ్! మామిడితోట కాపలాకి కుక్కను పెట్టుకోవచ్చా?" అని అడిగారు. వేట కోసం, మందల కోసం, పంటల కాపలా కోసం కుక్కను ఉంచుకోవడానికి దైవప్రవక్త (సల్లం) అనుమతించారనీ, ఇలాంటి అవసరమేదీ లేకుండా ఉంచుకునేవారి పుణ్యఫలం నుంచి రోజూ ఒక ఖీరాత్ తగ్గిపోతుందని హెచ్చరించారనీ (బుఖారీ, ముస్లిం) చెప్పాను. "మీకు అవసరం ఉంది. జాయెజే" అన్నాను. ఆయన సంతోషంగా వెళ్ళిపోయారు.

ఏడాది తిరక్కుండానే ఆ కుక్క కంచె దాటి దారిలోకి రావడం మొదలుపెట్టింది. పిల్లలు ఉదయం మక్తబ్‌కు వచ్చేది ఆ దారినే. ఒకరోజు అది ఎనిమిదేళ్ళ పాపను కరిచింది. సూదులు వేయించారు, గాయం మానింది. కానీ పాప మక్తబ్‌కు రావడం మానేసింది. కుక్కను కట్టేయమని ఆ సోదరునికి చెబితే, "మీరే జాయెజ్ అన్నారు కదా మౌల్వీ సాబ్!" అన్నారు.

ఆ మాట నన్ను చాలా రోజులు బాధించింది. నేను చెప్పింది తప్పు కాదు, కానీ అది సగం సమాధానమే. మిగతా సగం ఇప్పుడు మనవి చేస్తున్నాను.

ఒక పనిని ధర్మం అనుమతించినంత మాత్రాన, దానివల్ల ఇతరులకు కలిగే హానిని కూడా అనుమతించినట్టు కాదు. దివ్యఖుర్ఆన్‌లో హజ్రత్ దావూద్ (అలై), హజ్రత్ సులైమాన్ (అలై)ల ముందుకు వచ్చిన ఒక వ్యాజ్యం ప్రస్తావన ఉంది (21:78-79). కొందరి గొర్రెలు రాత్రివేళ ఒకరి చేనులో పడి మేశాయి. గొర్రెల పెంపకం పూర్తిగా హలాల్. అయినా నష్టం భరించవలసింది గొర్రెలవారే. అలాగే హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) గారి ఒంటె ఒక తోటలో పడి పాడుచేసినప్పుడు, పగటిపూట తోటను తోటవారు కాపాడుకోవాలనీ, రాత్రిపూట పశువు చేసిన నష్టానికి పశువు యజమానే పూచీ అనీ దైవప్రవక్త (సల్లం) తీర్పు చెప్పారు (అబూదావూద్).

నోరులేని జంతువు చేసిన గాయానికి పరిహారం లేదని హదీసు ఉంది కదా అని కొందరు అంటారు. యజమాని నిర్లక్ష్యం లేనప్పటి మాట అదని ధర్మవేత్తలు వివరించారు. కరిచే కుక్కను విడిచిపెడితే, అది ఎవరినైనా గాయపరిస్తే యజమాని పరిహారం చెల్లించాలని ఇమామ్ ఇబ్నె ఖుదామా (రహ్మలై) 'అల్ ముగ్నీ'లో రాశారు. నేటి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కూడా ఇలాంటి నిర్లక్ష్యానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది.

2023 జనవరిలో హైదరాబాదులో ఒక ఇంటికి భోజనం అందించడానికి వెళ్ళిన యువకుడు, ఆ ఇంటి పెంపుడు కుక్క మీదికి రాగా భయంతో పరుగెత్తి, మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. "మా కుక్క ఏమీ చేయదు" అనే మాట మనందరం విన్నదే. అది మనకు తెలుసు. ఎదురుగా వస్తున్న పసిబిడ్డకు, వృద్ధురాలికి ఎలా తెలుస్తుంది? తోటి ముస్లింను భయపెట్టడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (సల్లం) బోధించారు (అబూదావూద్). ఎవరికీ బాధ కలిగించకపోవడం దారి హక్కుల్లో ఒకటని చెప్పారు (బుఖారీ, ముస్లిం). ఆ దారిలో నడిచే ముస్లిమేతర సోదరులకూ ఈ హక్కు ఉంది.

కాబట్టి కుక్కను బయటికి తెస్తే గొలుసు పెద్దవారి చేతిలోనే ఉండాలి. కరిచే కుక్కయితే మూతికి చిక్కం వేయాలి. ఏటా రేబిస్ టీకా వేయించాలి. దారిలో మలవిసర్జన చేస్తే యజమానే ఎత్తివేయాలి. ఎవరినైనా కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగించి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఆ ఖర్చు యజమానిదే.

అయితే గొలుసు వేయడమంటే హింసించడం కాదు. పిల్లిని బంధించి, తిండి పెట్టక చంపిన స్త్రీ నరకం పాలయింది. దాహంతో అల్లాడే కుక్కకు నీళ్ళు తాగించిన మనిషిని అల్లాహ్ క్షమించాడు (బుఖారీ, ముస్లిం). కట్టేసిన కుక్కకు నీడ, నీళ్ళు, తిండి ఇవ్వడం కూడా మన బాధ్యతే. దానిపై రాళ్ళు విసిరే పిల్లల్ని వారించడమూ బాధ్యతే.

ఇదంతా ఒక జుమా ప్రసంగంలో చెప్పాను. నా సగం సమాధానం గురించీ దాచకుండా చెప్పాను. ఆ సాయంత్రమే ఆ సోదరుడు పాప ఇంటికి వెళ్ళి క్షమాపణ కోరారు, వైద్యం ఖర్చు ఇచ్చారు, కంచె బాగుచేయించారు. పాప మళ్ళీ మక్తబ్‌కు వస్తోంది. కాకపోతే ఆ తోట దగ్గరకు రాగానే ఇప్పటికీ వాళ్ళ అన్న చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. ఆ భయానికి పరిహారం ఎవరు చెల్లించగలరు?

అల్లాహ్ మన వల్ల, మన అధీనంలో ఉన్న జీవుల వల్ల ఎవరికీ హాని కలగకుండా కాపాడుగాక! ఆమీన్.