అణగిన దోషము

అమెరికా దేశమున పికప్ ట్రక్కులను నాలుగంగుళములో ఆరంగుళములో పైకెత్తించి, వానికి 35, 37 అంగుళముల టైర్లను తొడిగించి నడపుట యొక వేడుక. అడవిదారులలో రాళ్లు అడుగున తగులకుండుటకై కొందరును, చూచువారి కంటికి గంభీరముగ నుండుటకై పెక్కుమందియు ఈ పని చేయింతురు. ఆ వేడుకను నేను నిందింపను. రథమునకు ధ్వజమెత్తుకొనని వీరుడు మన పురాణములలోను లేడు. అయితే ఇట్లు ఎత్తు పెంచిన బండ్లలో, అందును ముందు చక్రములు రెండును ఒకే గట్టి యిరుసునకు బిగింపబడిన ఫోర్డ్ ఎఫ్-250, రామ్ 2500 వంటి వానిలో, ఒక భయంకరమైన వ్యాధి అప్పుడప్పుడు పొడసూపుచుండును. గంటకు 70 మొదలు 100 కిలోమీటర్ల వేగమున సాఫీగ పోవుచున్న బండి, వంతెనమీది అతుకునో చిన్న గుంటనో ఒక చక్రముతో దాటినంతనే, ముందు చక్రములు తమంత తాము ఎడమకును కుడికిని కొట్టుకొన మొదలిడును. స్టీరింగు చేతులలో నిలువదు. తలుపులు, అద్దములు, కూర్చున్నవాని పండ్లు సయితము అదరును. వేగము బాగుగ తగ్గించిననేకాని ఆ యదరు మానదు. అక్కడి డ్రైవర్లు దీనిని డెత్ వాబుల్ అందురు.

ఇందు మొదట విచారింపదగినది, ఆ గుంట యెంత, ఈ కంపమెంత యను తారతమ్యము. గుంట యిచ్చిన తాకుడు క్షణములో అడగిపోవలసినది. అట్లుగాక, వేగము తగ్గనంతవరకు కంపము సాగుచున్నదన్న, దానికి బలమెక్కడిది? బండి ముందుకు పోవు గమనమునుండియే వచ్చుచున్నది. వేగముగ దొర్లుచున్న చక్రము బొంగరము వంటిది. దానిని ఒక ప్రక్కకు వాల్చినచో వాలుటతో నూరకుండక దిశ మార్చుకొన జూచును, దిశ మార్చినచో మరల వాల జూచును. గట్టి యిరుసు కొనలనున్న చక్రములలో ఒకటి లేచినపుడు రెండవదియు దానితోపాటు వాలక తప్పదు గనుక, ఒకదాని కుదుపు రెండింటికిని దిశాచలనమై సంక్రమించును. దీనికి తోడు టైరు నేలను పట్టుటలో ఒక జాగు కలదు: చక్రము తిరిగిన తక్షణమే రబ్బరు తన ప్రక్కబలమును చూపదు, కొంత దూరము దొర్లిన పిమ్మటనే చూపును. ఆ జాగు చేత, ఊపును నిలుపవలసిన బలము వేళ తప్పి వచ్చి, నిలుపుటకు మారుగ ఎగదోయును. ప్రతి యూపునకును బండి గమనమునుండి ఇంచుక శక్తి ఇట్లు లోపలికి చొరబడుచుండగా, అడ్డగించు ఘర్షణ ఆ రాకడను మించెనా, కంపము చచ్చును, మించదా, పెరుగును. గుంట కేవలము నిమిత్తమాత్రము.

ఈ వ్యాధి ఎత్తు పెంచిన ట్రక్కులతో పుట్టినది కాదు. 1920 తరువాతి దశకములో కార్లకు ముందు చక్రములకు సయితము బ్రేకులును, తక్కువ గాలితో నడచు బెలూను టైర్లును వచ్చిన నాటనే ఇది విజృంభించెను. 1925లో ఫ్రాన్సున బ్రూలియే అను ఇంజనీరును, 1931లో జర్మనీలో బెకర్, ఫ్రోమ్, మారున్ అను మువ్వురును దీనిని గూర్చి శాస్త్రీయముగ వ్రాసిరి. 1934లో జనరల్ మోటార్స్‌వారు తమ కార్లకు ముందు చక్రములను వేరువేరుగ వ్రేలాడదీయు పద్ధతిని అవలంబించుటకు గల హేతువులలో ఈ కంపబాధయు నొకటి. భారము మోయు ట్రక్కులకు గట్టి యిరుసు విడువరానిదగుటచే, వ్యాధియు దానితోనే నిలిచినది.

ఎత్తు పెంచుట దీనికెట్లు తోడ్పడునో చెప్పవలెను. ట్రాక్ బార్ అనునది ఒక కొన చాసిస్‌కును రెండవ కొన ఇరుసునకును తగిలించియుండి, ఇరుసు ప్రక్కలకు జరుగకుండ పట్టియుంచు కమ్మి. స్టీరింగు పెట్టెనుండి చక్రమునకు పోవు డ్రాగ్ లింక్ దానికి సమాంతరముగ నుండునట్లు కర్మాగారమున అమర్తురు. అందుచే బండి పైకి క్రిందికి ఊగినను రెండు కమ్మీలును ఒకే తీరున కదలును, చక్రము దిశ మారదు. బండిని పైకెత్తగనే రెండును ఏటవాలై, ట్రాక్ బార్ ఇరుసును డ్రైవరు వైపునకు లాగును. దానిని సవరింపనెంచి ఒకదాని కొననే క్రిందికి దింపి, రెండవదానిని మరచినవాడు సమాంతరతను చెరచును. ఇరుసు తన చుట్టు తానించుక తిరుగుటచే, చక్రమును తిన్నగ నిలుపు క్యాస్టర్ కోణము తగ్గును. ఆపై పెద్ద టైర్ల బరువు చక్రము తిరుగు కీళ్లైన బాల్ జాయింట్లను, రెండు చక్రములను కలుపు కమ్మి కొనలైన టై రాడ్ ఎండ్లను, వాని యన్నింటికంటె ముందుగ ట్రాక్ బార్ బుష్షును అరగదీయును. బిగువు సడలిన బోల్టు మాసములకొలది అటునిటు కదలి, బ్రాకెట్టులోని గుండ్రని రంధ్రమును అండాకారముగ కొరికివేయును. మెకానిక్కులు దీనిని ‘ప్లే వచ్చినది’ అందురు.

ఇక లోకములో వాడుకనున్న చికిత్స. స్టీరింగు డాంపరు అని నూనె నింపిన గొట్టమొకటి కలదు. చక్రములను కలుపు కమ్మికి బిగించినచో అది ప్రతి యూపులోని శక్తిని కొంత మ్రింగివేయును. పాతది తీసి క్రొత్తది వేసిన మరునాడే బండి నిశ్చలము. యజమాని సంతోషించి పైకము చెల్లించి పోవును. మాసములు గడచి డాంపరు నలిగిన పిమ్మట, అదే వంతెనమీద, అదే యతుకు దగ్గర, బండి మరల అదరును. ఇక్కడ పుట్టు ప్రశ్న మెకానిక్కుది కాదు, తార్కికునిది. ఆ నడుమ మాసములలో దోషము బండిలో నున్నట్లా, లేనట్లా?

మన దర్శనకారులకీ ప్రశ్న క్రొత్తది గాదు. వారు డాంపరునకు మారుగ మణిని చేతబట్టిరి. అగ్ని కలదు, కాష్ఠము కలదు, రెండింటికి కూడికయు కలదు. అయినను ఒకానొక మణిని దగ్గర నుంచినచో దాహము, అనగా కాలుట, కలుగదు, తొలగించినచో కలుగును. మీమాంసకుడు దీనిని చూపి, అగ్ని రెండు వేళలను ఒక్కటే గదా, కావున అగ్నికి వేరుగ కంటికి కానరాని దాహశక్తి యొకటి కలదనియు, మణి దానినే కుంఠితము చేయుచున్నదనియు వాదించెను. నైయాయికుడు ఒప్పుకొనలేదు. కార్యము ఒక్క కారణమువలన గాక కారణసామగ్రి యంతయు కూడినగాని పుట్టదు. ఆ సామగ్రిలో ప్రతిబంధకము లేకుండుటయు నొక భాగము. మణి యున్నపుడు ఆ భాగము కొరవడినది గనుక దాహము లేదు. ఇంతమాత్రమునకు అదృశ్యశక్తి నొకదానిని కల్పింపనేల యని యతని సమాధానము. మణి యున్నను దాని పనిని చెరచి మరల దాహము కలిగించు ఉత్తేజకమును గూర్చియు వారు తర్కించిరి. నలిగిన డాంపరు గల బండికి అధికవేగము అట్టి యుత్తేజకమే. పదునేడవ శతాబ్దమున విశ్వనాథ పంచాననుడు తన సిద్ధాంతముక్తావళిలో పదార్థములను లెక్కించునపుడే ఈ వాదమును తెచ్చి శక్తిని త్రోసిపుచ్చెను. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహముతో న్యాయము నేర్వ మొదలిడినవారు కొంత దూరము పోగానే ఈ మణిని ఎదుర్కొందురు.

డాంపరు వేయించుకొన్న యజమానికి నైయాయికుడు ప్రియబంధువువలె తోచును. ప్రతిబంధకమున్నది, సామగ్రి పూర్ణము గాదు, కార్యము లేదు; అదృశ్యముగ దాగిన వ్యాధి యని భయపెట్టువాడు మీమాంసకుడు మాత్రమే యని అతడు ఊరట చెందవచ్చును. కాని ఇది న్యాయమతమును సగము విని లేచిపోవుట. నైయాయికుడు శక్తిని కాదన్నాడు గాని అగ్నిని కాదనలేదు. మణి ప్రక్కనున్నను అగ్ని అగ్నిగనే యున్నది. కన్ను దానిని చూచుచునే యున్నది. ట్రక్కు క్రింద ఆ యగ్ని యేది? అండాకారమైన రంధ్రము, చీలిన బుష్షు, తగ్గిన క్యాస్టర్. వీనిలో నొకటియు అతీంద్రియము గాదు. డాంపరు బిగించిన దినమున రంధ్రపు వైశాల్యము వెంట్రుకవాసియైన తగ్గలేదు. నా తీర్పు నైయాయికుని పక్షమే. కాని ఆ తీర్పు యజమానికి అనుకూలము గాదు. నిద్రించు కంపమని యొకటి లేదు. మేలుకొనియున్న దోషము మాత్రము కలదు.

ఇదే ప్రశ్న మనస్సు విషయమున వచ్చినచో ఇంత నిశ్చయముగ పలుకుట కష్టము. యోగశాస్త్రము క్లేశములకు నాలుగవస్థలు చెప్పినది: నిద్రించుట, పలుచనగుట, మరియొకదానిచే తెగి మరుగుపడుట, పూర్ణముగ విజృంభించుట. క్రోధి లోకభయముచేత నెమ్మదించియుండవచ్చును, లోభి అవకాశము లేక దాతవలె కనబడవచ్చును. అది మరల మొలకెత్తని వేయించిన విత్తు గాదని యోగులు హెచ్చరించిరి. అయితే క్రోధి హృదయము క్రింద దూరి బోల్టు పట్టుకొని ఊపి చూచువాడెవడు? చేయి చేరని చోట వాసన, అనగా మిగిలిన సంస్కారము, అనియు శక్తియనియు అనుమానముచే ఊహించుట క్షమింపదగినదే, బహుశః తప్పనిదే. చేయి చేరు చోట ఆ మాటలతో సరిపెట్టుకొని ‘ఈ జాతి బండ్ల స్వభావమే ఇంత’ యనుట సోమరితనము. ఈ మాట నేర్పరులని పేరుపడ్డ మెకానిక్కుల నోటను వినబడును.

చేయి చేరు విధము కష్టమైనది గాదు. బండిని తన చక్రములమీదనే నిలిపి, ఇంజను నడచుచుండగా ఒకడు స్టీరింగును కొంచెము కొంచెముగ అటునిటు త్రిప్పవలెను. వేరొకడు క్రింద పరుండి, ఒక్కొక్క కీలుమీద చేయి వైచి, కమ్మి కదలిన క్షణముననే దాని కొనయు కదలుచున్నదా, నడుమ జాగు కలదా యని పరీక్షింపవలెను. మొదట ట్రాక్ బార్ రెండు కొనలు, పిమ్మట టై రాడ్, డ్రాగ్ లింక్ ఎండ్లు. అటుపై జాకీతో చక్రమును లేపి, పైభాగమును క్రిందిభాగమును పట్టి ఊపినచో బాల్ జాయింటు గుట్టు బయలుపడును. టైర్ల గాలి, బ్యాలెన్సు, అలైన్‌మెంటు ఆ తరువాత. ఒకే దినమున అన్నియు మార్చి కంపము పోయినదని సంతోషించువాడు కారణమును తెలిసికొన్నవాడు గాడు; ఉన్నచో కార్యము కలుగును, లేనిచో కలుగదను అన్వయవ్యతిరేకములు ఒక్కొక్కటిగ మార్చి చూచినవానికే పలుకును. కుండ కారణములలో మన్ను మోసిన గాడిదను లెక్కింపరాదని తార్కికులనిరి. వంతెన యతుకును తిట్టువారు ఆ గాడిదను తిట్టుచున్నవారే. కుమ్మరి తండ్రిని సయితము వారు లెక్కకు రానీయలేదు. కాని ఎన్నడో ట్రక్కు ఎత్తు పెంచినవానికి ఆ మినహాయింపు చెల్లదు, అతడు చేసిన వంపు నేటికిని ట్రాక్ బార్‌లో పనిచేయుచునే యున్నది గదా.

అమెరికాలో ఇట్టి బండ్లు నడపు మనవారికి ఒక విన్నపము. కంపము పుట్టినపుడు బ్రేకును ఒక్కుమ్మడి త్రొక్కక, స్టీరింగును వదలక, వేగమును క్రమముగ తగ్గించి ప్రక్కకు తీయుడు. ఇటీవల క్రొత్త డాంపరు వేయించుకొని బండి కుదురుకొన్నదని యుండువారు, ముందరి దూరప్రయాణమునకు పూర్వమే ట్రాక్ బార్ బోల్టును విప్పించి రంధ్రమును కన్నులార చూడుడు. అది గుండ్రముగ లేనిచో బ్రాకెట్టును బాగుచేయించి, కర్మాగారమువారు చెప్పిన బిగువుకు బోల్టును బిగింపించుకొనుడు.