మార్కులు లేని చదువు



బడులు తెరిచారు. కొత్త పుస్తకాలకు అట్టలు వేశారు, ఫీజులు కట్టారు, మరియమాత స్వరూపం ఎదుట కొవ్వొత్తి వెలిగించి పిల్లలను పంపారు. ఇక వచ్చే ఏప్రిల్ వరకు మన ఇండ్లలో ఎక్కువగా వినిపించే మాట ఒక్కటే: "చదువు!" ఆ మాటను గురించే ఈ వారం మీతో కొంచెం ముచ్చటించాలని ఉంది.

మన తెలుగులో విద్యను చదువు అంటాం, పుస్తకం పఠించడాన్నీ చదువు అనే అంటాం. కాని మన ఇండ్లలో మొదటి చదువు రెండవ చదువును మింగివేస్తున్నది. పిల్లవాడు గైడు పట్టుకుంటే "చదువుకుంటున్నాడు" అని మురిసిపోతాం. కథల పుస్తకం పట్టుకుంటే "చదువు మానేసి ఆ పుస్తకమేమిటి?" అని గద్దిస్తాం. ఇండ్లను ఆశీర్వదించడానికి వెళ్ళినప్పుడు చూస్తుంటాను. అలమర నిండా టెస్టు పేపర్లు, గైడ్లు, గెలిచిన కప్పులు ఉంటాయి. పిల్లవాడు తనకై తాను ఇష్టపడి చదువుకునే పుస్తకం మాత్రం చాలా ఇండ్లలో కనిపించదు. ఆరవ తరగతిలోనే ఫౌండేషన్ కోర్సు, ఆ తరువాత హాస్టలు. హాస్టలు పెట్టెలో కథల పుస్తకానికి చోటెక్కడిది?

మీ భయం నాకు తెలియనిది కాదు. ఆటోనగర్ షెడ్డులో చేతులు నల్లబడేలా పనిచేసే తండ్రికి, నాట్లకు వంగి నడుము నొప్పితో ఇంటికి వచ్చే తల్లికి, బిడ్డ మార్కులే నిచ్చెన. ఆ నిచ్చెనను తీసివేయమని నేను చెప్పడం లేదు. బిడ్డ లోకమంతా ఆ నిచ్చెన ఒక్కటే కాకూడదని మాత్రమే చెబుతున్నాను.

లూకా సువార్త రెండవ అధ్యాయం చూడండి. పన్నెండేళ్ళ యేసు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వింటున్నాడు, ప్రశ్నలు వేస్తున్నాడు. ఎవరూ పంపలేదు, ఎవరూ పరీక్ష పెట్టలేదు. ఇష్టంతో కూర్చున్నాడు, మూడు దినాలు గడిచినా అక్కడే ఉన్నాడు. నాలుగవ అధ్యాయంలో నజరేతు ప్రార్థనా మందిరంలో ఆయన లేచి యెషయా గ్రంథాన్ని విప్పి చదివాడు. వడ్రంగి ఇంట పెరిగిన బిడ్డకు గ్రంథం విప్పడం, కావలసిన చోటును వెదకి చదవడం తెలుసు. ఇక ఆయన బోధించినప్పుడు ఏమి చేశాడు? కథలు చెప్పాడు. కథ వినడం, చదవడం అలవాటు లేని పిల్లవానికి ఆ ఉపమానాలు కూడా సత్యోపదేశం తరగతిలో అప్పజెప్పే జవాబులుగానే మిగిలిపోతాయి.

పునీత అగుస్తీనువారు తన చిన్ననాటి చదువును గురించి "ఒప్పుకోళ్ళు" అనే గ్రంథంలో వ్రాశారు. గ్రీకు భాషను బెత్తంతో, భయంతో నేర్పినందువలన దానిని ద్వేషించానన్నారు. లాటిను కవి వ్రాసిన దీదో రాణి కథను చదివి కన్నీరు కార్చానన్నారు. తన పాపాలకు ఏడవక కల్పిత కథకు ఏడ్చానని ఆయన తరువాత పశ్చాత్తాపపడ్డారు. అయినా అక్కడే, బిడ్డకు నేర్పడంలో భయం కంటె స్వేచ్ఛగా పుట్టిన ఆసక్తికే బలమెక్కువ అని ఒప్పుకున్నారు.

2025లో పరమపదించిన ఫ్రాన్సిస్ పాపుగారు 1964, 1965లలో అర్జెంటీనాలోని శాంతా ఫే పట్టణంలో యేసుసభవారి పాఠశాలలో సాహిత్యం బోధించారు. అక్కడి పాఠ్యప్రణాళికలో పాత వీరగాథ ఒకటి ఉంది. విద్యార్థులకు అది రుచించలేదు, తమ కాలపు కవిని చదువుతామన్నారు. ఆయన కోపగించలేదు. వీరగాథను ఇంటివద్ద చదువుకోమని, తరగతిలో వారికి ఇష్టమైన రచయితలను గురించే మాట్లాడారు. ఇష్టమైనది చదువుతూ చదువుతూ వారికి సాహిత్యం మీదనే రుచి పుట్టి, మిగతా రచయితల వద్దకూ వెళ్ళారట. 2024 జూలైలో సాహిత్య పఠనం గురించి వ్రాసిన లేఖలో ఆయనే ఈ సంగతి చెప్పారు.

ఇంత దూరం పోనక్కరలేదు, మన కృష్ణా తీరం సంగతే చూడండి. అయ్యంకి వెంకటరమణయ్యగారు మొదలైన పెద్దలు 1914లో ఈ బెజవాడలోనే ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమానికి సంఘం ఏర్పరిచారు. 1935లో పెదపాలెం సేవాశ్రమానికి చెందిన పాతూరి నాగభూషణంగారు కాలువ పడవలోకి పుస్తకాలు తెచ్చి పడవ గ్రంథాలయం నడిపారు. పొలాలకు నీరు పారే కాలువ మీదనే మనుషులకు పుస్తకాలు సాగాయి. చదివినవారిని ఎవరూ మార్కులడగలేదు. 1989 నుండి జనవరి మొదటి దినాలలో మన నగరంలో పుస్తక మహోత్సవం జరుగుతున్నదంటే, ఆ నేల మీద పండిన పంటే అది.

"టైము ఎక్కడిది ఫాదర్?" అంటారు. స్కూలు అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి అర్థమేమిటో తెలుసా? తీరిక! తీరికలో మనసు వికసిస్తుందని ఆ పెద్దలు నమ్మారు. మన దేవుడు కూడా ఆరు దినాల పనికి ఒక విశ్రాంతి దినాన్ని చేర్చి ఇచ్చాడు. కనుక ఈ సంవత్సరం మూడు పనులు చేయండి.

మొదటిది, రాత్రి భోజనమైన తరువాత అరగంట టీవీ, సెల్‌ఫోను కట్టిపెట్టి, బిడ్డకు నచ్చిన పుస్తకాన్ని చదవనివ్వండి. పక్కన మీరూ ఏదో ఒకటి చదవండి. చదువు రాని తల్లులు బిడ్డచేత చదివించుకుని వినండి. వినేవారుంటే బిడ్డకు ఉత్సాహం. పుస్తకం ముగిశాక "ఏమి నేర్చుకున్నావు?" అని మాత్రం అడగకండి. "తరువాత ఏమయింది?" అని అడగండి.

రెండవది, మీ ఊరి శాఖా గ్రంథాలయంలో బిడ్డను చేర్పించండి. మనం కట్టే ఇంటిపన్నులోనే గ్రంథాలయ పన్ను కలిసి ఉంటుంది. డబ్బు కట్టి తలుపు తట్టకపోవడం ఏమి న్యాయం?

మూడవది, హాస్టలుకు పోయే బిడ్డ పెట్టెలో జపమాలతో పాటు ఒక కథల పుస్తకం పెట్టండి. అనుమతి కావాలంటే వార్డెనుగారిని మీరే అడగండి.

పరీక్షా ఫలితాలు వచ్చే వారంలో, ఏ తల్లీ తండ్రీ వినకూడని వార్తలు మన పత్రికలలో వస్తున్నాయి. మార్కులు పోతే తాను కూడా పోయినట్లేనని ఆ పసిమనసు ఎందుకు అనుకున్నది? తప్పిపోయిన కుమారుని కథ చిన్ననాడే హృదయంలో నాటుకున్న బిడ్డకు ఒక సంగతి తెలిసి ఉంటుంది: అంతా పోగొట్టుకున్నవానికి కూడా ఇల్లు ఉంది, గుమ్మం వైపు పరుగెత్తి వచ్చే తండ్రి ఉన్నాడు. ఆ తండ్రి మీరే అని మీ బిడ్డకు తెలియాలి. పక్కన కూర్చుని కథ చదివిన రాత్రులలో అది తెలుస్తుంది.

బాలయేసును జ్ఞానమందును, ప్రాయమందును పెంచిన పరలోక తండ్రి మీ బిడ్డలను దీవించునుగాక. ఆమెన్.