విప్పిన చీరలు

మొన్న యాప్రాల్‌లో మా అమ్మాయి కంప్యూటర్ ముందు తల పట్టుకుని కూర్చుంది. 50 ఎంబీల ఎక్సెల్ ఫైలట. ఓపెన్‌పైఎక్సెల్‌తో మొత్తం ఒకేసారి చదివిస్తే మెమరీలో దాదాపు 50 రెట్లు, రెండున్నర జీబీలు తింటుందిట. మడతపెట్టిన చీరలన్నీ ఒక్కసారే విప్పి పరిస్తే గది చాలుతుందా మరి! చివరికి ఒక్కో వరసా చదివి, లెక్కకి కావలసింది పుచ్చుకుని, మిగతాది వదిలేసేలా ప్రోగ్రాం రాసుకుంది.

ఏది ఉంచుకోవాలో మా పిల్లకి తెలుసు. నాకు తెలుసా? 30 ఏళ్ళ కిందట పెళ్ళిపందిట్లో మా పెద్దాడపడుచు విసిరిన మాట, ఆవిడ చీర అంచుతో సహా నా దగ్గర భద్రం. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పదిరోజులు పథ్యం వండిపెట్టిందీ ఆవిడే. ఆ వరస ఎప్పుడు జారవిడిచానో! దీన్ని మరుపనాలా, అన్యాయమనాలా?

రాత్రి ఫోన్ చేసి, "వదినా, ఆ టైఫాయిడ్ రోజుల్లో నువ్వు..." అన్నాను.

"ఏ టైఫాయిడే?" అంది.