గిల్‌క్రిస్ట్‌కు పడ్డ శిక్ష

ఆట మనిషిని సంస్కరిస్తుందంటారు. రాయ్ గిల్‌క్రిస్ట్ గుర్తొచ్చినప్పుడల్లా ఆ మాట నాకు మింగుడుపడదు.

జమైకా చెరకు తోటల్లో పుట్టిన వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్. 1958-59లో మన దేశానికొచ్చి నాలుగు టెస్టుల్లోనే 26 వికెట్లు తీశాడు. ఆ పర్యటన చివర్లో, అమృత్‌సర్‌లో, నార్త్ జోన్ బ్యాట్స్‌మన్ స్వరణ్‌జిత్ సింగ్ మీదికి వరసగా బీమర్లు విసిరాడు. వద్దన్నా వినలేదు. కెప్టెన్ జెర్రీ అలెగ్జాండర్ ఇంటికి పంపేశాడు. అప్పటికి వయసు 24. ఆడినవి 13 టెస్టులు. పద్నాలుగోది ఇక రాలేదు.

న్యాయమే. నేలకు తగలకుండా నేరుగా తలకొచ్చే బంతిని ఎవరు సహిస్తారు? కానీ అలెగ్జాండర్, స్వరణ్‌జిత్ ఇద్దరూ కేంబ్రిడ్జ్‌లో చదివినవాళ్లు. శిక్ష పడింది బంతికా, చెప్పిన మాట వినని తోటకూలీ బిడ్డకా?

మనమేమైనా తక్కువా? 1962లో బార్బడోస్‌లో వెస్టిండీస్ బౌలర్ గ్రిఫిత్ బంతికి మన కెప్టెన్ కాంట్రాక్టర్ పుర్రె చిట్లింది. సిరీస్ 5-0తో పోయింది. పేస్ ఆడటం నేర్చుకోవాలని మన బోర్డు నలుగురు వెస్టిండీస్ బౌలర్లను పిలిపించింది. అందులో గిల్‌క్రిస్ట్ ఒకడు. హైదరాబాద్ తరఫున రంజీ ఆడాడు. దేన్ని చూసి వెళ్లగొట్టారో దానికే ఈసారి జీతమిచ్చారు.

మా పెద్దనాన్న ఆ రోజులు తలుచుకుంటే పూనకమొచ్చినట్టే ఉండేది. "గాయన ఉరికొస్తుంటే కీపర్ సుత ఎనక్కి జరిగేటోడు" అని, కూర్చున్న కుర్చీని తనే వెనక్కి జరిపేవాడు. పక్కన చిక్కుడుకాయలు తుంచుతూ పెద్దమ్మ ఓసారి అడిగింది: "గంత కోపమున్నోడు ఇంట్ల ఎట్లుండేటోడో?" ఆడోళ్లకేం తెలుస్తది ఆట అన్నట్టు పెద్దనాన్న చెయ్యి ఊపి మళ్లీ బౌలింగ్‌లోకి వెళ్లిపోయాడు. నేనూ కుర్చీ ముందుకు లాక్కున్నాను.

ఆమె ప్రశ్నకు జవాబు కోర్టు రికార్డులో ఉంది. 1967లో, ఇంగ్లండ్‌లో, గొడవపడి భార్య ముఖాన వేడి ఇస్త్రీపెట్టెతో వాత పెట్టాడు. మూడు నెలల ప్రొబేషన్ వేశారు.

బీమర్‌కు టెస్టు జీవితం మొత్తం. వాతకు మూడు నెలలు. బ్యాట్స్‌మన్ చేతిలో బ్యాటైనా ఉంది.

చూశారా, అమృత్‌సర్‌లోనే ఆ మనిషి బయటపడ్డాడు కదా అని తేల్చేయొచ్చు. తేల్చలేను. అలా అంటే బంతితో బెదిరించే ప్రతివాడూ ఇంట్లో రాక్షసుడనాలి, అది అబద్ధం. ఎనిమిదేళ్ల తర్వాత చేయబోయే నేరానికి 1959లో శిక్ష వేయడం కుదరదు. అందుకే అతన్ని మళ్లీ టెస్టుల్లోకి తీసుకుని ఉండాల్సిందని ఇప్పటికీ అంటాను. తర్కానికిది నిలుస్తుంది. కానీ ఆ తర్కం నాకింత సులువుగా దొరికింది న్యాయం మీద ప్రేమతోనా, ఇంకో యాభై వికెట్ల మీద ఆశతోనా అంటే, రెండోదే అనుకుంటున్నాను.