ముద్రయు చేతివ్రాతయు

ధ్యాన భాగములు: రోమా 16:22, 2 థెస్సలొనీక 3:17, యాకోబు 2:15-16, 2 యోహాను 12



ఈ నెల ధ్యానమునకు ఒక చిన్న వస్తువును తీసికొనుచున్నాను. అది పండుగకు మనము ఒకరికొకరము పంపుకొను శుభాకాంక్షల కార్డు. ఇంత చిన్న సంగతికి ధ్యానమెందుకని మీరనవచ్చును. అయితే చిన్న సంగతులలోనే మన హృదయము బయటపడును. నేనడుగు ప్రశ్న యిది: ఒక్క అచ్చుతో నూరుమందికి వేసిన వందనము నిజమైన వందనమగునా? చేతితో చేసినది మాత్రమే ప్రేమయా? ఈ ప్రశ్న నాకు వేదపాఠశాలలో ఎవరును వేయలేదు. మా పల్లెలో ఒక అవ్వ దానిని నా ముందు పెట్టెను.

కొన్నేండ్ల క్రిందట క్రిస్మస్ దినములలో నాకు తీరిక లేకుండెను. మూడు పల్లెల ఆరాధనలు, బాప్తిస్మపు తరగతులు, రాత్రులు పాటలతో ఇంటింటికి తిరుగుట, వీటన్నిటితో అలసియుంటిని. గనుక నిజామాబాదు పట్టణమునకు పోయి అచ్చు కార్డులు నూరు కొని, నా సంతకమును రబ్బరు ముద్రగా చేయించి, ఒక రాత్రి కూర్చుండి అన్నిటిమీదను కొట్టితిని. గంటలో పని ముగిసెను. పిల్లలచేత ఇంటింటికి పంపించి, కాపరిగా నా విధి తీరినదని సంతోషించితిని.

రెండు దినములైన తరువాత, బీడీలు చుట్టి బ్రదుకు ఒక వృద్ధురాలు ఆ కార్డు పట్టుకొని నా యింటికి వచ్చెను. ఆమెకు చదువు రాదు. మనుమరాలు చదివి వినిపించినదట. "మంచిగుంది అయ్యగారూ. గని దీంట్ల నా పేరు యాడుంది?" అని యడిగెను. నేను కార్డు అటు ఇటు త్రిప్పి చూచితిని. పైన బొమ్మ, లోపల అచ్చు మాటలు, క్రింద నా ముద్ర. ఆమె పేరు ఎక్కడను లేదు. నా పేరైనను నా చేతితో వ్రాసినది కాదు. పంపినవాడు అందులో లేడు, పుచ్చుకొనినదియు లేదు. నడుమ కాగితము మాత్రమే యున్నది. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచునని యోహాను సువార్త పదియవ అధ్యాయమునుండి ఎన్నిసార్లు బోధించితినో! ఆ సాయంకాలము ఆ బోధ నా మీదికే తిరిగి వచ్చెను.

అచ్చు కార్డు పుట్టిన కథయు ఇట్టిదే. ఇంగ్లండు దేశములో 1840లో ఒక్క పెన్నీకే ఉత్తరము పోవు ఏర్పాటు కలిగెను. ఆ ఏర్పాటు కొరకు పాటుపడినవారిలో హెన్రీ కోల్ అనునతడు ఒకడు. ఉత్తరములు చౌకయైనందున పండుగ వేళ అతనికి ఉత్తరములు కుప్పలుగా వచ్చుచుండెను. అందరికిని జవాబు వ్రాయ తీరిక లేక, 1843లో జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అను చిత్రకారునిచేత బొమ్మ వేయించి అచ్చొత్తించెను. అమ్మకమునకు వచ్చిన మొదటి క్రిస్మస్ కార్డు అదేనని చెప్పుదురు. దాని నడుమ ఒక కుటుంబము విందారగించుచుండగా, ఒక ప్రక్కన ఆకలిగొనినవారికి అన్నము పెట్టుటయు, మరియొక ప్రక్కన వస్త్రహీనులకు బట్టలిచ్చుటయు చిత్రించిరి. ఎవరికి, ఎవరి యొద్దనుండి, అని వ్రాసికొనుటకు ఖాళీ స్థలమును విడిచిరి. తీరిక లేని ఆ మనుష్యుడైనను పేరునకు చోటు విడిచెను. నేను అదియు విడువలేదు.

అయితే అచ్చును పాపమనకూడదు. పరిశుద్ధ గ్రంథము మనకు దీనిలో మంచి త్రోవ చూపుచున్నది. రోమీయులకు వ్రాసిన పత్రికను పౌలు తన చేతితో వ్రాయలేదు. తెర్తియు అను సహోదరుడు వ్రాసెను. పదునారవ అధ్యాయములో తన వందనము కూడ చేర్చెను. అందుచేత ఆ పత్రిక పౌలుది కాకపోయెనా? కాలేదు. మరియొకరి చెయ్యి సాయపడుట ప్రేమకు విరోధము కాదు. కాని థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రిక కడపట ఒక సంగతి చూడుడి. అక్కడ పౌలు కలము తానే పట్టుకొని వందనము తన చేతితో వ్రాయుచు, ప్రతి పత్రికకును ఇదే గురుతని చెప్పుచున్నాడు. గలతీయులకైతే ఎంత పెద్ద అక్షరములతో వ్రాసెనో చూడుమనుచున్నాడు. పత్రికయంతయు ఇతరులు వ్రాయవచ్చును. వందనము మాత్రము తానే వ్రాయవలెను. ఆ కడపటి పంక్తియే నా ముద్ర క్రింద లేకపోయినది.

మరుసటి సంవత్సరము సండే స్కూలు పిల్లలను మందిరములో చాపమీద కూర్చుండబెట్టి, కార్డులు మనమే చేయుదమంటిని. డబ్బు ఖర్చు పెట్టనక్కరలేకపోయెను. ప్రతి యింటిలోను పాత శుభలేఖలు ఉండును. వాటి వెనుకటి తెల్లని వైపు మడచినయెడల గట్టి కార్డు అగును. మన పొలములలోని చెరకు పిప్పితోను కాగితము చేయుదురని చెప్పగా పిల్లలు ఆశ్చర్యపడిరి. బెండకాయను ముచ్చికకు దగ్గరగా అడ్డముగా కోసి, తడి తుడిచి, రంగులో అద్ది ఒత్తినయెడల ఐదు మొనల నక్షత్రమువంటి గురుతు పడును. బేత్లెహేము నక్షత్రము మన దొడ్డిలోనే కాయుచున్నదని ఒక చిన్నది నవ్వెను. పసుపు మన నిజామాబాదు సీమ పంట. దానిని నీళ్లలో కలిపినయెడల పచ్చని రంగు. చిటికెడు సున్నము చేర్చినయెడల ఎఱ్ఱని రంగు. పాత గుడ్డను నాలుగు మడతలు వేసి డబ్బా మూతలో పెట్టి సిరా పోసిన అదియే ముద్రకు మెత్త. మైదాపిండి ఉడికించిన అదియే జిగురు. రంగు కాగితమును మడచి కత్తిరించి పూవులు అంటించిరి.

ఒక పిల్లవాడు పెన్సిలు చెరుపు రబ్బరుమీద శుభము అను మాటను బ్లేడుతో చెక్కెను. ఎంతో ఓపికగా చెక్కెను. ఒత్తి చూడగా అక్షరములన్నియు తిరగబడి పడినవి. అందరును నవ్విరి, వాని కన్నులలో నీళ్లు తిరిగెను. ముద్రమీద తిరగవేసి చెక్కినప్పుడే కాగితముమీద సరిగా పడునని వానికి చూపితిని. వాడు మరల మొదలుపెట్టెను. వాని ప్రక్కన కూర్చుండి నేను నేర్చుకొంటిని: చెక్కువాని కన్నులకు సరిగా కనబడుట ముఖ్యము కాదు, పుచ్చుకొనువాని కన్నులకు సరిగా కనబడవలెను. వందనమంతయు ఇంతే. నాకు సులభమైనది చూచుకొని చేసిన వందనము ఎదుటివాని యొద్ద తిరగబడి పడును.

ఇంతవరకు చదివి, అయితే చేతితో చేసిన కార్డులే మంచివి, కొనినవి చెడ్డవి అని తీర్పు చెప్పకుడి. దీనిలోను ఒక గొయ్యి యున్నది. నేను దానిలో పడితిని. పిల్లల కార్డులను గోడకు కట్టి, వచ్చినవారికెల్ల చూపి, పొరుగు సంఘములవారు కొనినవి పంచుచున్నారని హీనముగా మాటలాడితిని. చేతిపనియందు అతిశయించువాడును ఆలయములో నిలువబడి ప్రార్థించిన పరిసయ్యుడును ఒక్క తోవనే నడుచుచున్నారు.

అంతకంటె పెద్ద ప్రమాదమును యాకోబు చూపుచున్నాడు. బట్టలేక, ఆ దినపు తిండి లేక యున్న సహోదరునితో మంచి మాటలు చెప్పి, కావలసినది ఇయ్యక పంపివేసినయెడల ఆ మాటలవలన ప్రయోజనమేమి? బోధను శక్కర్‌నగరులో 1937లో స్థాపింపబడిన చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో, పండుగ నెలలోనే, మూతపడెను. పని పోయిన యిండ్లకు ఆ క్రిస్మసు ఎట్లు వచ్చియుండునో తలంచుడి. అట్టి యింటికి, సంతోషముతో నిండియుండుడి అని బంగారు సిరాతో వ్రాసిన కార్డు తెచ్చి, వట్టి చేతితో తిరిగి పోయిన వానిని ఏమందుము? అది అచ్చైనను ఒకటే, చేతివ్రాతయైనను ఒకటే. హెన్రీ కోల్ కార్డు అంచులమీద అన్నవస్త్రముల బొమ్మలు వేయించెను. మన కార్డుకు ఆ అంచులు కాగితముమీద కాక కుండలోను, దండెముమీదను ఉండవలెను.

ఇప్పుడు నా కడపటి ఒప్పుకోలు. కాలువ అవతల ఒక కుటుంబమున్నది. సంఘపు లెక్కల విషయములో ఆ యింటి పెద్దకును నాకును మాట పెరిగి, వారు మందిరమునకు వచ్చుట మానిరి. తప్పు ఇరువైపుల ఉన్నది. మొదటి కఠినమైన మాట నాదే. వారికొరకు నేనే ఒక కార్డు చేసితిని. అన్నిటిలో అదియే చక్కనిది; నక్షత్రమును రెండు రంగులతో వేసి, వారి పేర్లన్నియు నా చేతితో వ్రాసితిని. తరువాత ఒక పిల్లవానిని పిలిచి, ఇచ్చి రమ్మంటిని. వాడు చేతిలో పట్టుకొని నిలుచుండి, "మీరే పోయి ఇయ్యరాదా అయ్యగారూ?" అనెను. ముద్ర తిరగవేసి చెక్కిన వాడే.

అప్పుడు తెలిసికొంటిని. నూరు కార్డులమీద రబ్బరు ముద్ర కొట్టినప్పుడు నేను ఎంత దూరముగా ఉంటినో, ఈ చక్కని చేతిపనిలోను అంతే దూరముగా ఉంటిని. మొదట తీరిక లేక దాగితిని; ఇప్పుడు అందము వెనుక దాగితిని. యోహాను తన రెండవ పత్రికలో, వ్రాయవలసిన సంగతులు ఎన్నో యున్నను కాగితముతో సిరాతో వ్రాయ మనస్సు లేదు, వచ్చి ముఖాముఖిగా మాటలాడెదనని చెప్పెను. కాగితము చాలని వందనములు కొన్ని ఉన్నవి. వాటికి కాళ్లు కావలెను.

నేను కాలువ దాటి పోతిని. ఆ యింటి పెద్ద కార్డు పుచ్చుకొని చూడక గూటిలో పెట్టెను. కొంతసేపటికి, "కూసోండ్రి" అనెను. ఆయన భార్య చాయ్ తెచ్చెను. నేను నా మాటకు క్షమాపణ అడిగితిని. ఆయన ఏమియు అనలేదు. ఆ ఆదివారము మందిరమునకు వచ్చిరని వ్రాయగలిగినయెడల బాగుండును, రాలేదు. అయితే ఇప్పుడు దారిలో ఎదురుపడినప్పుడు ఆయన నిలుచుండి మాటలాడుచున్నాడు. ప్రభువు ఆరంభించినదానిని ప్రభువే ముగించును.

మన సీమకు చేతి వందనమనగానేమో తెలియనిది కాదు. వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన డాక్టరు ఇసబెల్ కెర్ అమ్మగారును, ఆమె భర్త జార్జి కెర్ దొరగారును కుష్ఠరోగుల కొరకు నిజామాబాదులో పని మొదలుపెట్టి, 1915లో డిచ్‌పల్లిలో ఆసుపత్రి నెలకొల్పిరి. రాజా నర్సాగౌడ్ గారు హిందువైయుండియు ఆ పనికి ధనమిచ్చెను. ఊరివారు దూరముగా వెళ్లగొట్టిన వారి పుండ్లను ఆ ఆసుపత్రిలో చేతితో ముట్టి కట్టుకట్టిరి. మార్కు సువార్త మొదటి అధ్యాయములో ప్రభువు కుష్ఠరోగితో మాట మాత్రము చెప్పి పంపలేదు. చెయ్యి చాపి ముట్టెను. ముట్టిన చెయ్యియే ఆయన వందనము.

బీడీల అవ్వ సంగతి ముగించెదను. ఆ మరుసటి సంవత్సరము ఆమె కూడ పిల్లలతో వచ్చి చాపమీద కూర్చుండెను. ఆమె కుమారుడు గల్ఫు దేశములో కూలి చేయుచున్నాడు. మనుమరాలు నక్షత్రము వేసి, అవ్వ చెప్పిన మాటలు వ్రాసి, క్రింద సంతకమునకు చోటు విడిచెను. అవ్వ తన బొటనవ్రేలు సిరా గుడ్డమీద ఒత్తి, కార్డుమీద పెట్టి, గట్టిగా పట్టియుంచెను. ఆకులు కత్తిరించి కత్తిరించి అరిగిన వ్రేలది. గీతలు సగమే పడినవి. "వాడు గుర్తు పడ్తడు" అనెను.

ప్రియులారా, అదియు ముద్రయే. అయితే ఆ ముద్ర వేయుటకు ఆమె అక్కడ ఉండవలెను, మరియొకరు వేయలేరు. నా ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇంతే. అచ్చా, చేతివ్రాతయా అని అడుగకుడి. దానిలో నీవున్నావా, ఎదుటివాని పేరున్నదా, అవసరమైనచోట నీ కాళ్లు దానివెంట పోయినవా అని అడుగుడి. కొనిన కార్డైనను పంపుడి, చేసినదైనను పంపుడి, సెల్‌ఫోనులో వచ్చిన బొమ్మనైనను పంపుడి. కాని పేరు పెట్టి పిలిచి, ఒక్క మాట మీదిగా చేర్చుడి. ఆ యింటిలో కొదువయున్నయెడల చేతిలో ఏదైన పట్టుకొని పోవుడి. ఎవరికి కార్డు పంపుట సులభమో, పోయి కలిసికొనుట కష్టమో, ఆ యింటికి ముందుగా పోవుడి.

తన వాక్యమును కాగితముమీద పంపుటతో చాలించక, శరీరధారియై మన మధ్యకు వచ్చిన ప్రభువు మన వందనములను నిజమైనవిగా చేయునుగాక. ఆమేన్.