పింఛనూ, పొలిమేరా

ముసలితనంలో, అవిటితనంలో సంఘం చేసే సాయం మనిషికి చెందుతుందా, అతడు కాపురమున్న నేలకు చెందుతుందా? 2022 ఏప్రిల్‌లో అమెరికా సుప్రీంకోర్టు నేలకేనని తీర్పు చెప్పింది. న్యూయార్కులో వికలాంగుల భృతి పొందుతున్న ఒక పౌరుడు 2013లో ప్యూర్టోరికోకు మారాడు. 1898లో స్పెయిన్ నుంచి అమెరికా గెలుచుకున్న దీవి అది. 1917 నుంచి అక్కడివారు అమెరికా పౌరులే. అయినా ఆ భృతి దీవికి వర్తించదు గనుక, పుచ్చుకున్న 28 వేల డాలర్ల పైచిలుకు తిరిగి కట్టమని ప్రభుత్వం దావా వేసింది. దీవివాసుల్లో అత్యధికులు ఫెడరల్ ఆదాయపు పన్ను కట్టరు గనుక ఈ మినహాయింపు చెల్లుతుందన్నారు, తొమ్మండుగురు న్యాయమూర్తుల్లో ఎనిమిదిమంది. ఆదాయమే లేనివాడికిచ్చే భృతికి ఆదాయపు పన్ను అర్హతట! న్యూయార్కులోని బీదవాడు మాత్రం కడుతున్నాడా?

ఇటువంటి గీత మన పక్కనే వుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం మనకు వచ్చాయి. బళ్ళారి మైసూరుకు పోయింది. గీతకు ఇవతల ఆలూరులో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి నెలకు 4000 రూపాయలు. అవతల బళ్ళారిలో సంధ్యా సురక్ష కింద 1200. రెండువైపులా అదే కరువు, చాలా ఇళ్ళలో అదే తెలుగు.

ఎక్కువ ఇచ్చే రాష్ట్రాన్ని నిందించే పని లేదు. అడగవలసింది ఢిల్లీని. 1995లో మొదలైన జాతీయ పథకం కింద 60 నుంచి 79 ఏళ్ళ వృద్ధుడికి కేంద్రం ఇచ్చేది నెలకు 200 రూపాయలు. రాజ్యాంగం 41వ అధికరణం వృద్ధాప్యంలో, వైకల్యంలో ప్రభుత్వ సాయాన్ని హక్కుగానే చెప్పింది. కాని "ఆర్థిక శక్తికి లోబడి" అనే మాట అందులోనే చేరింది, 37వ అధికరణం కోర్టు తలుపు మూసేసింది.

మా ఎర్రగుంట్లలో నాపరాయి కోసి పాలిషు పట్టినవాడు ఆదాయపు పన్ను కట్టి వుండడు. సబ్బుబిళ్ళ మీదా అగ్గిపెట్టె మీదా మాత్రం బతుకంతా కట్టాడు. దుమ్ము మింగి అతడు నునుపు చేసిన బండల మీద ఎవరెవరో నడుస్తున్నారు. చేతులుడిగి బెంగుళూరులో కూలిపని చేసే కొడుకు పంచన చేరితే, వూళ్ళో వేలిముద్ర వేయించుకుని ఇచ్చే పింఛను అతడి వెంట రాదు. కేంద్రం వాటా తిండికి చాలేంతగా పెరగాలి, మనిషి వెంట నడవాలి. ఆపైన రాష్ట్రాలు తమ శక్తికొద్దీ కలుపుకోవచ్చు. 2019 నుంచి రేషను కార్డును దేశమంతటా చెల్లేట్టు చేసిన ప్రభుత్వానికి ఇది తెలియని విద్య కాదు.