కిరాయి ఇంటికి సున్నం

పెత్రమాస దగ్గర పడిందంటే కరీంనగర్, సిరిసిల్ల, గోదావరిఖని, మంచిర్యాల గల్లీల్లో కిరాయికి ఉండేవాళ్లు కూడా బూజు దులిపి సున్నం నానబెడతారు. పెచ్చులూడిన చోట ఇంత సిమెంటు, పొక్కిలైన నేలకు ఎర్రమట్టి, అరుగు అంచుకు జాజు. చేతిలో ఉన్న కొద్ది పైసలతో అయ్యేది అంతే. చూసినవాళ్లు అడిగేది ఎప్పుడూ ఒకటే: రేపు ఖాళీ చెయ్యమంటే పోవాల్సినవాళ్లకు మంది ఇంటి మీద ఇంత చాకిరి ఎందుకు? పైకి ఇది పైసల లెక్కలా కనబడుతుంది గానీ లోపల ఉన్నది ధర్మసందేహం. మనిషికీ ఇంటికీ బంధం దస్తావేజుతో ఏర్పడుతుందా, చూసుకోవడంతో ఏర్పడుతుందా? చూసుకోవడంతోనే అని నా వాదన. దీన్ని ఒప్పుకుంటే మన పట్టణాల్లో ఆచారం పేరిట సాగుతున్న ఒక క్రూరత్వాన్ని వదులుకోక తప్పదు. అందుకే దీన్ని చివరిదాకా తర్కించి చూడాలి.

మొదటి అభ్యంతరం వైరాగ్యం వైపు నుంచి వస్తుంది. దేహమే కిరాయి కొంప, ఇక మట్టిగోడల మీద మోజెందుకని తత్వాలు పాడేవాళ్లు ఊరూరా చెబుతూ వచ్చారు. ఈ మాటకు గట్టి ఆధారం భాగవతం ఏకాదశ స్కంధంలో ఉంది. అవధూత యదు మహారాజుకు తన ఇరవై నలుగురు గురువుల గురించి చెబుతూ పామును కూడా లెక్కిస్తాడు. నిలవని దేహం కోసం ఇల్లు కట్టుకోవడం దుఃఖానికేననీ, పాము ఎవరో కట్టిన పుట్టలో చేరి సుఖంగా ఉంటుందనీ ఆయన గ్రహించిన పాఠం. సన్యాసికి అది సరిపోతుంది. సంసారికి అట్లాగే అంటగడితే చిక్కొస్తుంది. పాము కిరాయి కట్టదు, పుట్టను బాగు చెయ్యదు, తన తర్వాత ఎవరొస్తారో ఆలోచించదు. పిల్లలు పడుకునే చోట కప్పు ఉరుస్తుంటే మనది కాదు కదా అని ఊరుకునేవాడికి ఉన్నది ఉదాసీనతే. దానికి వైరాగ్యమని పేరు పెడితే అవధూతకు అపచారం. పుట్ట గురించి ఆదిలాబాద్ నేల చెప్పే పాఠం ఇంకొకటి ఉంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో జరిగే నాగోబా జాతరకు మెస్రం వంశీయులు కాలినడకన గోదావరి జలం తెస్తారు. ఆ క్రతువుల్లో మట్టి తడిపి పుట్టను కొత్తగా చేసే పని ఆ వంశపు ఆడబిడ్డలది, అల్లుళ్లది. ఆడబిడ్డలు పెళ్లై వేరే ఇంటిపేరుకు వెళ్లినవాళ్లు, అల్లుళ్లు అసలే వేరే ఇంటివాళ్లు. దేవుడి నెలవును కొత్తచేసే పని వాళ్ల చేతుల్లో పెట్టడంలోని అసలు అర్థం గోండు పెద్దలే చెప్పాలి. నాకు మాత్రం హక్కుకూ సేవకూ ముడి అవసరం లేదన్న ఎరుక అందులో కనిపిస్తుంది.

ఆస్తిని పూర్తిగా వదిలేసినవాళ్లు ఇంటిని ఎట్లా చూశారన్నది ఇంకా గట్టి సాక్ష్యం. మన కరీంనగర్ వైపు ధూళికట్ట బౌద్ధ స్తూపం ఉన్న ప్రాంతం. శాతవాహనుల నాడు బౌద్ధం వేళ్లూనుకున్న నేల. వినయపిటకంలోని చుల్లవగ్గలో విహారానికి కొత్తగా వచ్చిన భిక్షువు ఏం చెయ్యాలో వరసగా ఉంది. పరుపులు, చాపలు బయట వేసి ఎండబెట్టాలి. బూజు ముందు పైకప్పు నుంచి దులపాలి. జాజు పూసిన గోడ మచ్చలు పడితే తడిబట్ట పిండి తుడవాలి. మట్టినేల అయితే దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి ఊడవాలి. వెళ్లిపోయే భిక్షువుకు కూడా నియమాలున్నాయి: సామాను సర్ది, తలుపులు కిటికీలు మూసి, ఉన్నవాళ్లకు అప్పగించి పోవాలి. కప్పు ఉరుస్తుంటే, చేతనైతే కప్పించి మరీ పోవాలి. రేపటి నుంచి ఆ కప్పు కింద పడుకోనివాడికి ఈ పని చెప్పారు! విహారం నలుదిక్కుల సంఘానిది, ఏ ఒక్క భిక్షువుదీ కాదు. అయినా ఆరుబయట వేసిన సంఘం మంచాన్ని సర్దకుండా, ఎవరికీ అప్పగించకుండా వెళ్లిపోవడం దోషాల జాబితాలో ఉంది. ‘నాది’ అనే మాటను మానేసినవాళ్లు ఇంటి పని మానలేదు. ఫలం మీద అధికారం లేకుండా పని చెయ్యమని గీత చెప్పేదానికి కిరాయి ఇంటి సున్నం కన్నా తేటైన ఉదాహరణ నాకు తోచదు. ఆ తెలుపు ఎవరికి మిగులుతుందో వేసేవాడికే తెలియదు.

ఇక్కడ రెండో అభ్యంతరం ఎదురవుతుంది, ఇది మొదటిదానికన్నా బరువైంది. పేదవాడి చాకిరిని నిష్కామకర్మ అని పొగిడితే లాభం ఓనరుకే కదా, గోడలు మెరిశాక కిరాయి పెంచితే ఎవరు అడ్డుకుంటారు? ఈ భయం నిజమైనదే. అయితే చూసుకోవడం అంటే హక్కు వదులుకోవడం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, యజమాని చేయించాల్సిన మరమ్మతును చెప్పినా చేయించకపోతే కిరాయిదారు తానే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో మినహాయించుకోవచ్చు. మామూలు అరుగుదల పోను ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలో అప్పగించడం అతని బాధ్యత. కాబట్టి వాన రాకముందే కోతులు చెదరగొట్టిన గూనపెంకను సర్దించమని గట్టిగా అడగాలి, గోడకు సున్నం తనే వేసుకోవాలి. చెమ్మ గోడకు ప్లాస్టిక్ పెయింట్ కన్నా సున్నమే మేలు కూడా. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చి గట్టిపడుతుంది, దాని ఘాటుకు బూజు పట్టడం తగ్గుతుంది, గోడలోని తేమను బయటికి పోనిస్తుంది. పెయింట్ ఆ తేమను లోపల బంధించి పొరలు పొరలుగా లేస్తుంది. తక్కువ ఖర్చుదే ఇక్కడ సరైనది కావడం పేదవాడికి దొరికిన మేలు.

ఇక నేను మొదట అన్న క్రూరత్వం. కిరాయిదారు ఆసుపత్రిలో కన్నుమూస్తే శవాన్ని ఇంటికి తేవద్దని ఓనరు అడ్డుపడటం, ఆ కుటుంబం రోడ్డు పక్కన టెంటు కింద ఏడ్వడం సిరిసిల్ల, కరీంనగర్ ప్రాంతాల వార్తలు చదివేవాళ్లకు తెలియనివి కావు. సాంచలు నడిపిన మనిషి, బీడీలు చుట్టిన మనిషి ఏళ్లకేళ్లు అలికి పూసిన గడప లోపల ఒక్క పూట పడుకోవడానికి కూడా నోచుకోరు. శాస్త్రం ఒప్పుకోదంటారు. మనుషుల్ని ఎక్కువ తక్కువలుగా విడదీసిన మనుస్మృతి నాకు ప్రమాణం కాదు. కానీ శాస్త్రం పేరెత్తేవాళ్లు దాని ఐదో అధ్యాయమైనా తెరవాలి. చావు మైల అందులో ప్రధానంగా రక్తబంధువులకు చెప్పినది. ఇల్లిచ్చిన పాపానికి ఓనరుకు అంటేది కాదు. ఇల్లు శుద్ధి కావడానికి ఊడవడం, అలకడం చాలంటుంది. నేలకైతే ఊడవడం, అలకడం, చల్లడం, గీకడం, ఆవులను కట్టెయ్యడం అని ఐదు మార్గాలు చూపుతుంది. చివరిదాన్ని పక్కన పెడితే ఇవి కిరాయిదారు ఆ ఇంట్లో చేస్తూ వచ్చిన పనులే. ఫలానావాళ్ల పేరున పట్టా ఉంటేనే శుద్ధి అవుతుందన్న షరతు అక్కడ లేదు.

ధనిష్ఠా పంచకం సంగతేమిటని అడుగుతారు. ధనిష్ఠ మొదలు ఐదు నక్షత్రాల్లో చావు జరిగితే ఇల్లు కొన్ని నెలలు మూసిపెట్టాలన్న నమ్మకం ఇక్కడ బలంగా ఉంది. ఒకే ఇంటి కిరాయి మీద బతికే ముసలి ఓనరుకు ఆ నెలలు నిజంగానే కష్టం. దాన్ని కొట్టిపారెయ్యను. కానీ ఆ నమ్మకం చెప్పేది చావు జరిగిన తర్వాత ఇంటిని ఏం చెయ్యాలన్నది. శవాన్ని వాకిట్లోకి రానివ్వొద్దని కాదు. ఏ ఓనరూ తన కన్నతల్లిని నక్షత్రం చూసి రోడ్డు మీద పెట్టడు. శాంతి చేయించుకుంటాడు, లేదా ఇంటికి తాళం వేస్తాడు. సొంతవాళ్లకు దొరికే ఆ వెసులుబాటు కిరాయిదారుకూ దక్కాలి. అయ్యే ఖర్చు సంగతి ఇల్లిచ్చేనాడే ఇద్దరూ మాట్లాడుకోవచ్చు. దీన్ని చట్టంతో ఒప్పించడం కష్టం, ఎందుకంటే భయం ఉన్నది దేవుడి పేరు మీద. వేములవాడ, ధర్మపురి, కొండగట్టు అర్చకుల మాటకు ఈ జిల్లాల ఇళ్లలో ఉన్న విలువ కలెక్టరు ఉత్తర్వుకు లేదు. చావు వచ్చిన కిరాయి ఇంటిని కడిగి అలికితే చాలు, అక్కడ మళ్లీ దీపం పెట్టుకోవచ్చని వాళ్లు పేరు పెట్టి, గుళ్లో నిలబడి, పెద్దగొంతుతో చెప్పాలి.